అరకిలో గసగసాలు

ఇంటికొచ్చి మూడు నెలలు కావస్తోంది. వచ్చిన కొత్తలో తెనాలిలో మా వీధి వీధంతా వచ్చి కూర్చుని యుద్ధం ఎలా ఉందో చెప్పమన్నారు. నేను రొట్టె గురించీ, మంచినీళ్ళ గురించీ, బస్సులో విరిగిన సీటు గురించీ చెప్పాను. పాపం, వాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. ట్యాంకులు నేనూ చూశాను. వాటి సంగతి రాయడానికి పత్రికలవాళ్ళు ఉన్నారు. నేను రాయదలచుకున్నది కువైత్ నుంచి కడప జిల్లా దాకా నా పక్క సీట్లో కూర్చుని వచ్చిన ఒక మనిషి గురించి. అతని పేరు మార్చాను. ఊరి పేరు అసలే రాయను.

ఖైతాన్

సబ్హాన్‌లో ఇనుప తలుపులు చేసే ఒక వర్క్‌షాపులో పదకొండేళ్ళుగా నేను డ్రాయింగులు గీసేవాణ్ణి. ఉండేది ఖైతాన్‌లో, పాత బిల్డింగు మూడో అంతస్తులో. గదిలో నేను కాక ఐదుగురు, వాళ్ళందరూ కడప జిల్లా వాళ్ళే. వాళ్ళకు ఉత్తరాలూ ఇఖామా అనే నివాస అనుమతి కాగితాలూ రాసిపెడతానని నన్ను సార్ అనేవాళ్ళు. నా పప్పును చూసి నవ్వేవాళ్ళు. వాళ్ళ కారం తిని నేను ఏడ్చేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ. ఉప్పు డబ్బా మూత పెట్టలేదని కూడా అరుస్తాను.

1990 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చేసింది. మధ్యాహ్నానికి మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద రప్పించిన యజమాని, సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు, మా జీతాలూ ఆయనతోనే వెళ్ళాయి. అప్పటి నుంచి మా పని రొట్టె కోసం వరసలో నిలబడడం. పొద్దున ఆరింటికి నిలబడితే పదకొండుకు నాలుగు ఖుబ్బూస్ చేతికొచ్చేవి. మనవైపు రేషన్ షాపు వరసలో మనుషులు తోసుకుంటారు, తిట్టుకుంటారు. అక్కడ తుపాకీ పట్టుకున్న సైనికుడు ఉండేవాడు గనక అందరం మహా మర్యాదగా నిలబడేవాళ్ళం.

మూడో వారంలో ఒకరోజు మెట్ల మీద ఉప్పు గురించే మేం పోట్లాడుకుంటున్నాం. కింద నుంచి ఎవరో గొంతెత్తి, "అన్నా, తెలుగోల్లా?" అని అడిగారు. దిగి చూస్తే ముప్పై ఐదేళ్ళ మనిషి. బక్కగా ఉన్నాడు. చొక్కా ఒకరిది, ప్యాంటు మరొకరిది. రెండు వారాలుగా వీధులన్నీ తిరుగుతూ తెలుగు మాట ఎక్కడ వినిపిస్తుందా అని చెవులు రిక్కించుకున్నాడట. పేరు ఓబులేసు. ఎక్కడి నుంచి వస్తున్నావంటే, జైలు నుంచి అన్నాడు. కాపలావాళ్ళు పారిపోయారు, తలుపులు తెరుచుకున్నాయి, అందరితో పాటు తనూ బయటికి నడిచాడు.

ఏం కేసు అని అడిగాం. "గసగసాలు" అన్నాడు.

నాలుగేళ్ళ కిందట గొర్రెలు కాసే పని మీద మొదటిసారి విమానం ఎక్కాడట. దిగీ దిగగానే విమానాశ్రయంలో పెట్టె తెరిచారు. మిరప్పొడి చూసి తుమ్మారు, ఉలవలు చూసి నవ్వారు. గుడ్డసంచిలో అరకిలో గసగసాలు కనబడ్డాయి, నవ్వు ఆగిపోయింది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే కదా. మన వంటింట్లో అవి వేటకూరలోకి పోపు డబ్బా సరుకు, అక్కడి చట్టానికి మత్తుమందు. తెలుగు తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఇది కూరలోకి అని చెప్పాలని ఓబులేసు నేల మీద కూర్చుని రోట్లో నూరుతున్నట్టు చేసి చూపించాడట. వాళ్ళు మందు ఎలా తయారు చేస్తారో చూపిస్తున్నాడనుకున్నారు. అదీ కాగితం మీద రాసుకున్నారు.

"మా ఆడమనిషి కట్టిచ్చింది సార్. అన్నం సప్పగుంటే తినలేనని. ఆమెనడిగితే తెలుస్తాది" అన్నాడు. ఈ మాట ఆ తర్వాత దారిపొడుగునా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అతనికి ఇల్లు చేరాలి. గసగసాలే అని నమ్మే ఒక్క మనిషి ముఖం చూడాలి. అంతకు మించి అతను ఏదీ కోరలేదు.

గదిలో ఎవరూ నమ్మలేదు. ఒకడు కన్ను గీటి ఎంత ముట్టిందన్నా అని అడిగాడు. నేనూ లోపల నవ్వుకున్నాను. నాకు అంతకన్నా సిగ్గు కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. గసగసాలు తేకూడదని పదకొండేళ్ళుగా నాకు తెలుసు, గదిలో అందరికీ తెలుసు. వందల ఉత్తరాలు రాశాను. ఊళ్ళో పెట్టె సర్దే ఆడవాళ్ళకు ఈ ఒక్క ముక్క రాయాలని మాత్రం నాకు తోచలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా గల్ఫుకు పెట్టె సర్దుతుంటే గసగసాలు తీసి పక్కన పెట్టండి.

సఫ్వాన్ దాటాక

ఫింటాస్‌లో ఉండే ప్రసాద్‌గారు అనే ఇంజినీరు బాగ్దాద్ దాకా ఒక బస్సు మాట్లాడారు. విజయవాడ మనిషి, భార్యతో ఉంటారు. ఏ పనైనా జాబితా రాసి చేసే రకం. డ్రైవరు కువైత్ దినార్లు ముట్టుకోలేదు, అవి అప్పటికి చిత్తుకాగితాలు. మా గది నుంచి ఫ్రిజ్జూ ఏసీ మిషనూ ఇచ్చి ఏడు సీట్లు తీసుకున్నాం. ఏడోది ఓబులేసుకు. అతను జైలు నుంచి వచ్చాడని నేను ప్రసాద్‌గారికి చెప్పలేదు. పాస్‌పోర్టు లేదన్నాను. సగం బస్సుకు పాస్‌పోర్టులు లేవు, అవి కఫీళ్ళ బీరువాల్లో ఉండిపోయాయి.

కువైత్‌లో నాలుగేళ్ళున్న మనిషి కువైత్‌ను తీరిగ్గా చూడడం అదే మొదటిసారి. కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాడు. నీళ్ళ టవర్లు చూసి అవేం గుళ్ళని అడిగాడు. కాలిపోయిన దుకాణాలూ, తిరగబడిన కార్లూ దాటాం. "ఇదా సార్ కువైట్" అన్నాడు మెల్లగా. దీని కోసమే తను ఊళ్ళో రెండెకరాలు కుదువ పెట్టాడట.

సరిహద్దులో సఫ్వాన్ దాటి బస్రా వైపు పోతుండగా టైరు పేలింది. ఎండలో దిగి బస్సు నీడ ఎటు పడితే అటు జరుగుతూ కూర్చున్నాం. మాతో సుబ్బమ్మ అని ఒకామె ఉంది. రాయచోటి వైపు మనిషి, ఫింటాస్‌లో ఒక ఇంట్లో పని చేసేది. వెళ్ళిపోతూ వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆమెకు ఒక టేప్‌రికార్డర్ ఇచ్చిందట. అక్కడి మనవాళ్ళకు ఉత్తరం అంటే క్యాసెట్టే. చదవడం రానివాళ్ళు ఇంట్లో అందరి మాటలూ, చివర్లో ఊరి చెక్కభజన పాటలూ పట్టించి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవారు. పొద్దు పోక సుబ్బమ్మ అలాంటి ఒక క్యాసెట్టు పెట్టింది. వాళ్ళ అత్త కోళ్ళ గురించి చెప్పడం అయ్యాక చెక్కలు మోగాయి.

పెట్టెనిండ నల్లమందు పేర్చినాడురా
పేరుగొప్ప ఓబులేసు పెద్దోడురా
గాలిమోటరెక్కి వాడు గల్ఫుకేగెరా
పోలీసోల్ల కండ్లనిండ పొగబెట్టెరా

అయిదారుగురు చప్పట్లు కలిపారు. తర్వాతి చరణంలో ఆ ఓబులేసు షేకులకే ఇల్లరికం పోయాడు, బంగారు పళ్ళు కట్టించుకున్నాడు, ఊళ్ళో మూడంతస్తుల మిద్దెకు పునాది వేశాడు. నా పక్కన ఉన్న ఓబులేసు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఇసుక చూస్తున్నాడు. పాట అయ్యాక మాత్రం లేచి, "అమ్మా, ఆ పాట ఏ ఊరిది?" అని అడిగాడు. సుబ్బమ్మ చెప్పింది. అది అతని ఊరే.

"ఆ ఓబులేసును నేనే. నాది మూడంతస్తులు గాదు, బోదగడ్డి కొట్టం. నేను తెచ్చింది గసగసాలు" అన్నాడు.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. సుబ్బమ్మ అతను కూర్చోడానికి ఒక రాయిని కొంగుతో తుడిచింది. ఎవరో దాచుకున్న ఖర్జూరాలు తీసి అతని చేతిలో పెట్టారు. అన్నా అని పిలిచేవాళ్ళు సామీ అని పిలవడం మొదలుపెట్టారు. అతను మళ్ళీ మళ్ళీ గసగసాలే అని మొత్తుకున్నాడు. "అట్లనే చెప్పల్ల సామీ. అందురి ముందర ఏంటికి చెప్తావు" అంది సుబ్బమ్మ, ఎంతో అర్థమైనట్టు.

మా కోస్తాలో దొంగసారా కాసేవాణ్ణి చాటుగా తిట్టి ఎదురుగా నమస్కారం పెడతాం. పాట కట్టేంత దూరం పోము అనుకునేవాణ్ణి. తర్వాత ఆలోచిస్తే, వానలు లేక, పని లేక ఊళ్ళన్నీ ఖాళీ అయ్యేచోట, గెలిచి వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడనుకోవడం వాళ్ళకు అవసరమేమో అనిపించింది. ఆ ఒక్కడు పాటలోనే ఉన్నాడు. ఇక్కడున్నవాడికి చెప్పులు కూడా లేవు.

బస్రాలో బస్సు ఆపారు. నడుము సన్నగా ఉండే చిన్న గ్లాసుల్లో టీ ఇచ్చారు, అడుగున వేలెడు పంచదార కరగకుండా ఉంది. పాలు అడిగితే టీకొట్టు ముసలాయన తన దగ్గర రోగులెవరూ లేరే అన్నట్టు చూశాడు. పావు ఇరాకీ దినారు తీసుకున్నాడు. మా ముఖాలు చూసి ఏమనుకున్నాడో, ఒక పుచ్చకాయ కోసి అందరికీ ఊరికే పంచాడు. తన కొడుకు సైన్యంలో ఉన్నాడని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళ మీద నాకున్న కోపం ఆ కాయ తినేసరికి కొంచెం తగ్గింది.

బాగ్దాద్

పాస్‌పోర్టులు లేనివాళ్ళకు మన అధికారులు ఒక బడి ఆవరణలో కూర్చుని తాత్కాలిక కాగితాలు ఇస్తున్నారు. ఆ కాగితం లేకపోతే జోర్డాన్ వైపు దాటనివ్వరు. పేరూ, ఊరూ, కఫీల్ పేరూ చెప్పాలి. తెలిసినవాళ్ళు ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి.

పాట సంగతి ప్రసాద్‌గారి చెవిన పడనే పడింది. ఆయన నన్ను పక్కకు పిలిచి కోప్పడ్డారు. ముప్పై ఎనిమిది మంది ప్రాణాలు ఒక మందు కేసువాడి కోసం అడ్డం పెడతారా అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తర్వాత ఓబులేసును కూర్చోబెట్టి ఓపిగ్గా పాఠం చెప్పారు. ఇంటి డ్రైవరునని చెప్పు. కఫీల్ పాస్‌పోర్టు తీసుకుని సౌదీకి పోయాడని చెప్పు. జైలు మాట ఎత్తకు. ఖలాస్. ఓబులేసు తల ఊపాడు.

రెండు గంటలు నిలబడ్డాక బల్ల దగ్గరికి వచ్చాం. సుబ్బమ్మా నేనూ సాక్షులం. బల్ల వెనక నలభై ఏళ్ళ బెంగాలీ ఆయన, కళ్ళు ఎర్రగా, గడ్డం మాసి ఉన్నాడు. ఎవరింట్లో పని అని హిందీలో అడిగాడు. నేను దాన్ని ఓబులేసుకు తెలుగులో చెప్పాను. ఓబులేసు నోరు తెరిచాడు, మూశాడు.

"జైల్లో ఉన్నా సార్" అన్నాడు.

వరసలో వెనక ఉన్న ప్రసాద్‌గారు తల పట్టుకున్నారు. నేను ఓబులేసు మీద పళ్ళు కొరికాను. ఎందుకు చెప్పావురా అని తెలుగులో తిట్టాను. అతను నా వైపు తిరిగాడు. "నాలుగేండ్లు వాల్లు నాతో అబద్ధం ఒప్పించాలని జూసినారు సార్. ఒప్పుకోలే. యింగ మనోల్ల ముందర చెప్పల్లనా అబద్ధం?" అన్నాడు.

జైలు అన్న మాట ఆ అధికారికి అర్థమైపోయింది, ఇక దాచి లాభం లేదు. ఏం కేసు అని ఆ అధికారి అడిగితే ఖస్‌ఖస్ అని చెప్పాను. ఎంత అన్నాడు. అరకిలో అన్నాను. ఎందుకు తెచ్చాడు అన్నాడు. ఓబులేసు మాట అందుకోకుండానే నేల మీద కూర్చున్నాడు. అదే రోలు, అదే నూరడం. గసగసాలు, కొబ్బరి, అల్లం ఒక్కొక్కటే వేస్తున్నట్టు చేసి, నూరి, ముద్ద తీసి కుండలో వేసి, చివర్లో వేలు నాకి చూపించాడు.

ఆ అధికారి కలం కింద పెట్టాడు. తమ భాషలో దాన్ని పోస్తో అంటారని చెప్పాడు. బీరకాయలో, ఆలుగడ్డలో, వట్టి అన్నంలో కూడా అదే కలుపుకుంటారట. తన తల్లి అది నూరని రోజు లేదట. ఆ లెక్కన మా ఊరంతా జైల్లో ఉండాలి అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. నాలుగేళ్ళా అని ఇంకోసారి అడిగాడు. తర్వాత కఫీల్ అన్నచోట ఒక గీత గీసి, కాగితం నింపి, ముద్ర వేసి ఇచ్చాడు. నేను సంతకం పెట్టాను. సుబ్బమ్మ వేలిముద్ర వేసింది.

నిజం చెప్పాలంటే నేను పూర్తిగా నమ్మింది అప్పుడే. అంతవరకూ నాలో ఒక మూల అనుమానం ఉండేది. బయటికి వచ్చాక ఓబులేసు గోడకు ఆనుకుని ఏడ్చాడు. నమ్మినాడు సార్ ఆ సారు, నమ్మినాడు అంటూ చాలాసేపు ఏడ్చాడు.

ఎవరిదీ కాని నేల

ఇరాక్ దాటి, జోర్డాన్ ఇంకా రాని చోట గుడారాల్లో ఆరు రోజులున్నాం. పగలు నేల పెనంలా కాలుతుంది. లారీ మీద నుంచి రొట్టెలు విసురుతారు, పట్టుకున్నవాడికి దక్కినట్టు. నీళ్ళ సీసా కోసం ఒకాయన తన చేతి గడియారం ఇచ్చేశాడు. మన ఇళ్ళల్లో గుమ్మంలోకి వచ్చినవాడికి అడక్కుండా ఇచ్చే నీళ్ళు అవి. ఆ గడియారం తీసుకున్నవాడూ మనవాడే. నేను కొట్లాటకు దిగి చొక్కా చింపుకున్నాను.

పాట ఆ గుడారాల దాకా మాకంటే ముందే చేరింది. కడప, రాయచోటి వాళ్ళు ఓబులేసును నీళ్ళ వరసలో ముందుకు తోసేవాళ్ళు. అతను వెళ్ళి చివర నిలబడేవాడు. ఒక మధ్యాహ్నం ఇద్దరు పెద్దమనుషులు వచ్చి గుడారంలో కూర్చున్నారు. ఇద్దరికీ పెళ్ళి కావలసిన పిల్లలున్నారట. ఉద్యోగాలు పోయాయి, ఏం మొహం పెట్టుకుని ఇంటికి పోతాం అన్నారు. గొంతు తగ్గించి, మందు ఎక్కడ ఇస్తారు, ఎక్కడ దించాలి, మాకూ దారి చూపించు సామీ అని అడిగారు. ఇద్దరూ నుదుట నామాలతో, చూస్తే భజన చేసుకునే మనుషుల్లా ఉన్నారు.

ఓబులేసు వాళ్ళకు తన వీపు చూపించాడు. ఏముందో నేను రాయను. "ఇదీ దారి" అని చొక్కా దించుకున్నాడు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకాయన మాత్రం గుడారం బయట నాతో, దొరికినోని సంగతి అట్లుంటాది, దొరకనోడు దొరగాదా సార్ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దాని వెనకే భయం కూడా వేసింది.

బొంబాయి, ఆపైన

అమ్మాన్ నుంచి విమానం. సీటు బెల్టు పెట్టుకోమని చెప్పినప్పుడు ఓబులేసు అక్కడా పెట్టెలు తెరుస్తారా అని అడిగాడు, అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బొంబాయిలో దిగినవాళ్ళు నేలకు దండం పెట్టారు. అక్కడివాళ్ళు మాకు పూరీ కూర పెట్టి, మద్రాసు రైల్లో టికెట్ అడక్కుండా ఎక్కించారు. ప్రసాద్‌గారు వీడ్కోలు చెబుతూ ఓబులేసు చేతిలో వంద రూపాయలు పెట్టి, నన్ను క్షమించమన్నారు.

నేను గుంతకల్లులో మారి తెనాలి పోవాలి. మా ఆవిడకు టెలిగ్రాం కూడా ఇచ్చాను. గుంతకల్లు దగ్గర పడుతుండగా ఓబులేసు నా సంచి పట్టుకున్నాడు. "ఒక్క దినం నాతో రా సార్. నా మాట ఆ పాట ముందర నిలబడదు. బెంగాలు సారు నమ్మినాడని నువ్వు చెప్పు. మా ఆడమనిషి పెట్టె నేనే సర్దినా అని చెప్తాది. ఇద్దరూ చెప్తే ఊరు నమ్ముతాది" అన్నాడు. జైలు నుంచి ఇంటికి ఏమని రాశావని అడిగాను. తెలుగు రాసేవాళ్ళు దొరకలేదట. పక్క గదిలో ఉన్న ఒక తమిళతను రాసిన కార్డు ఒక్కటే పంపాడు, కేసు పడింది, వస్తాను అని. మిగతాదంతా ఊరికి వెళ్ళినవాళ్ళు మందు కేసు అని నోటితో మోసిందే. నేను గుంతకల్లులో దిగలేదు.

అతని ఊరు

యర్రగుంట్లలో దిగి, బస్సు పట్టుకుని, చివరి మూడు మైళ్ళు నడిచాం. ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. టీ అంగడి ఆయన లేచి నిలబడ్డాడు. మా ఇద్దరికీ టీ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. పదిమంది చేరారు. వాళ్ళ కళ్ళు ఓబులేసు ముఖం మీద కంటే అతని చేతుల వెనక వెతికాయి. పెట్టెలు ఎప్పుడొస్తాయి అని ఒకరు అడిగారు. లేవు అంటే నమ్మకం కుదిరినట్టు తలలు ఊపారు. తెలివిగలవాడు వెంట తెచ్చుకోడని వాళ్ళ భావం.

కబురు అందుకుని అతని భార్య గంగులమ్మ చెనక్కాయల చేను నుంచి నడిచి వచ్చింది. చేతులకు మట్టి అలాగే ఉంది. మొగుణ్ణి చూసి ఆగింది. ఏడవలేదు. ఆ పదిమంది మధ్యనుంచి మమ్మల్ని ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. నాకు చాప వేసింది. నేను ఎవరో ఓబులేసు చెప్పాడు. నేను గొంతు సవరించుకున్నాను. రైల్లో మాటలన్నీ పేర్చుకుని ఉన్నాను, బాగ్దాద్ నుంచి మొదలుపెట్టాలని.

ఆమె నన్ను మొదలుపెట్టనివ్వలేదు. తను దాచుకున్నది ముందు చెప్పాలని ఆమెకు ఆత్రం.

"అన్నా, ఈ ఊర్లో నేనొక్కదాన్నే ఒక మాట మీద నిలబడినా. ఆ పాట మా వాకిట్లో పాడితే పేడనీల్లు జల్లి తరిమినా. ఆ పెట్టె సర్దింది నేను. మిరప్పొడి, ధనియాలు, ఉలవలు, గసగసాలు, పైన రెండు పంచెలు. అంతే. అందులో నల్లమందు యాడ్నుంచి వస్తాది? ఎవురో పాపిష్టోడు దారిలో పెట్టినాడు. అది పెట్టిన చేతులు పడిపోవాల, కుష్టు పట్టాలని దినామూ దీపం పెట్టి మొక్కుకుంటాండా. నాలుగేండ్లు. ఒక్క దినం మానలే."

ఆమె మాటా నా మాటా కలిస్తే ఊరు నమ్ముతుందని కదా వచ్చాం. ఆమె చెప్పవలసింది చెప్పేసింది, పొల్లు పోకుండా. కేసు ఆ గసగసాల మీదేనని మాత్రం ఆమెకు తెలియదు. ఓబులేసు ఆమె చేతుల వైపు చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో. నా వైపు ఒక్కసారి చూసి తల దించాడు.

"ఎవురూ పెట్టలేదు" అన్నాడు. "బొంబాయిలో ఒకడు పొట్లం ఇచ్చినాడు. దుడ్డొస్తాదన్యాడు. తెలిసే తీసకపోయినా."

గంగులమ్మ అతన్ని నమ్మలేదు. నా వైపు తిరిగింది. నిజమా అన్నా అని అడిగింది. అరకిలో గసగసాల కోసం బాగ్దాద్‌లో నేను సాక్షి సంతకం పెట్టాను. ఇక్కడ రెండోసారి సాక్షి అడుగుతున్నారు. నిజమేనమ్మా అన్నాను.

"అయితే నేనే పిచ్చిదాన్ని. వాల్లు పాడిందే నిజం" అంది. లేచి చేతులు కడుక్కుని అన్నం పెట్టింది. అతని ముఖం చూడకుండా వడ్డించింది. ఓబులేసు తలెత్తకుండా తిన్నాడు, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

సాయంత్రం బస్సుకు అతను నన్ను దిగబెట్టడానికి వచ్చాడు. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు. బస్సు కనబడ్డాక ఆపుకోలేక అడిగేశాను. నమ్మే మనిషి కోసమే ఇంత దూరం వచ్చావు, ఆమె అడక్కుండానే నమ్మింది, నువ్వే కాదన్నావు, ఇప్పుడు నీకేం మిగిలింది అన్నాను.

"ఆ చేతుల్తోనే గదా సార్ ఆమె రేప్పొద్దున వండల్ల. నేను తినల్ల" అన్నాడు.

బస్సు ఎక్కాను. అతను దుమ్ములో నిలబడి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.